తలకు పోసుకున్న రోజే ఫిట్స్: మా అబ్బాయి జబ్బుతో నా అనుభవం

వేడినీళ్లు తలకు పోసుకుంటే ఫిట్స్ వస్తాయని చెబితే మా స్టాఫ్‌రూమ్‌లో ఎవరూ నమ్మలేదు. నేను జీవశాస్త్రం టీచర్ని కాబట్టి ఎదురు చెప్పలేక తలూపారు, అంతే. కానీ అలాంటి మూర్ఛ నిజంగానే ఉంది. డాక్టర్లు దాన్ని హాట్ వాటర్ ఎపిలెప్సీ అంటారు. ప్రపంచంలో మిగతా చోట్ల చాలా అరుదు. మన దక్షిణాదిలో, అందులోనూ కర్ణాటకలో ఎక్కువగా కనిపిస్తుంది. మా అనంతపురం ఆ కర్ణాటకను ఆనుకునే ఉంది. మా పెద్దవాడికి ఉన్నది అదేనని తేలేసరికి వాడు నాలుగో తరగతి నుంచి ఆరో తరగతికి వచ్చేశాడు. ఇలాంటి పిల్లలున్న ఇళ్లు మన జిల్లాలో ఇంకా ఉంటాయని నా గట్టి నమ్మకం. మాకు పోయిన ఆ రెండేళ్లు వాళ్లకైనా మిగలాలని ఇదంతా రాస్తున్నాను.

మా ఇంట్లో ఆదివారం అంటే తలంటు. గీజరు ఉన్నా మా అత్తకు పెరట్లో కట్టెల పొయ్యి మీద కాగులో కాగిన నీళ్లే కావాలి. ఆ రోజూ అంతే. ఆముదం పట్టించి, సీకాయ రుద్ది, వాణ్ని పీట మీద కూర్చోబెట్టి చెంబుతో తల మీద పోస్తున్నాను. నాలుగైదు చెంబులు పడ్డాక "ఇంకా పొయ్యిమ్మా, ఇంకా పొయ్యి" అన్నాడు. గొంతు మామూలుగా లేదు. తల ఒక పక్కకు తిప్పి గోడకేసి చూస్తున్నాడు. ఏదో నములుతున్నట్టు పెదాలు చప్పరిస్తున్నాడు. కుడిచేత్తో తొడ మీద తడిగుడ్డను పీకుతున్నాడు. "ఏంరా, ఏమైంది?" అంటే "బస్సు పోతాంది, బస్సు పోతాంది" అన్నాడు. మా పెరట్లోంచి చూస్తే ఎదురింటి గోడ తప్ప ఏమీ కనిపించదు. ఇంకో అరనిమిషానికి కాళ్లూ చేతులూ బిగుసుకుపోయి పీట మీద నుంచి ఒరిగిపోయాడు. బండకు తల తగలకుండా ఒడిలోకి లాక్కున్నాను. ఒళ్లంతా కొట్టుకుంది. నిమిషమో రెండు నిమిషాలో, నాకైతే చాలాసేపు అనిపించింది. ఆ తర్వాత గాఢంగా నిద్రపోయాడు. లేచాక ఏమీ గుర్తులేదు, తలనొప్పి అన్నాడు.

మా అత్త లోపలికి పరుగెత్తి తాళాలగుత్తి తెచ్చి వాడి చేతిలో పెట్టింది. పక్కింటామె ఎర్రగడ్డ (ఉల్లిపాయ) చితగ్గొట్టి ముక్కు దగ్గర పెట్టింది. ఆ రెండూ చేసేలోపు ఫిట్స్ ఆగింది కాబట్టి వాటివల్లే ఆగిందని ఇద్దరూ అనుకున్నారు. దీని గురించి ఇక్కడే చెప్పేస్తాను. ఫిట్స్ మామూలుగా ఒకటి రెండు నిమిషాల్లో దానంతటదే ఆగిపోతుంది. తాళాలు వెతికి తెచ్చేసరికి ఆ టైము ఎలాగూ అయిపోతుంది, ఆ పేరు ఇనుముకు వస్తుంది. ఆ నిమిషంలో చేయాల్సింది మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టడం, తల కింద మెత్తటిది పెట్టడం, గడియారం చూడడం. నోట్లో స్పూన్ గానీ గుడ్డ గానీ వేలు గానీ పెట్టకూడదు. నీళ్లు తాగించకూడదు. కాళ్లూ చేతులూ అదిమి పట్టుకోకూడదు. అయిదు నిమిషాలు దాటినా, ఒకటి ఆగి తెలివి రాకముందే ఇంకోటి మొదలైనా ఆసుపత్రికి పరుగెత్తాలి. నీళ్లలో పడినా అంతే.

గాలి సోకింది అన్నారు. అంత్రం కట్టించారు. కసాపురం ఆంజనేయస్వామికి మొక్కుకున్నాం, మొక్కు తీర్చుకున్నాం కూడా. దేవుడి దగ్గరికి పోవడం, డాక్టర్ దగ్గరికి పోవడం రెండూ చేశాం. మా ఆయన ఆ విషయంలో ఒకటే మాట అన్నాడు: "అమ్మ సంతోషానికి అది, పిల్లోడి ఒంటికి ఇది."

ఊళ్లో ముందు చూపించుకున్న డాక్టర్ ఎమ్మారై రాశారు. ఎందుకో నాకు అర్థమైంది. మన దేశంలో పిల్లలకు ఫిట్స్ వస్తే ముందు చూసేది మెదడులో బద్దెపురుగు తిత్తులు ఉన్నాయా అని. సరిగ్గా కడగని కూరగాయల మీద, మురికి నీళ్లలో ఉండే దాని గుడ్లు కడుపులోకి పోయి, లార్వాలు రక్తంలో మెదడుకు చేరి అక్కడ తిత్తి కడతాయి. పంది మాంసం ముట్టని ఇళ్లలోనూ ఇది వస్తుంది. క్లాసులో చెప్పే పాఠం మా వాడి రిపోర్టులో ఉంటుందేమోనని ఆ రెండు రోజులూ నాకు నిద్రలేదు. స్కాన్‌లో ఏమీ లేదు. మెదడులోని విద్యుత్తును రికార్డు చేసే ఈఈజీ పరీక్ష తీశారు, అదీ మామూలుగానే వచ్చింది. రెండుపూటలా మాత్రలు రాసి, మూడేళ్లు మానకుండా వాడమన్నారు.

మాత్రలు మానలేదు. ఫిట్స్ కూడా మానలేదు. వచ్చినప్పుడల్లా మోతాదు పెంచారు. వాడు క్లాసులో బెంచీ మీద తల పెట్టి పడుకునేవాడు, ఎక్కాలు మర్చిపోయేవాడు, రాత్రి అన్నం ముద్ద చేతిలో పెట్టుకునే కునికిపాట్లు పడేవాడు. వాడు చదివే ప్రైవేటు స్కూలు వాళ్లు పిలిపించి "మిగతా పిల్లలు భయపడుతున్నారు, టీసీ తీసుకోండి మేడమ్" అన్నారు. స్కూల్లో వాడికి ఒక్కసారి కూడా ఫిట్స్ రాలేదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఆ ఏడాది అయ్యాక రాప్తాడు వైపు నేను పనిచేసే జిల్లా పరిషత్ హైస్కూల్లో ఆరో తరగతిలో చేర్చుకున్నాను.

ఈ మధ్యలో నేను చేసిన పని ఒకటుంది. వాడికి ఫిట్స్ వచ్చిన ప్రతిసారీ ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టాను. తేదీ, వారం, టైము, ముందు ఏం చేస్తున్నాడు, ఏం తిన్నాడు, ఎంతసేపు వచ్చింది, తర్వాత ఎంతసేపు పడుకున్నాడు. టీచరు అలవాటు, ఏదైనా రిజిస్టర్‌లో ఎక్కించకపోతే నాకు తోచదు. ఆ నోట్‌బుక్కే చివరికి పనికొచ్చింది.

బెంగళూరు నుంచి ఒక న్యూరాలజిస్ట్ నెలకు రెండుసార్లు అనంతపురం వచ్చి చూస్తారని మా ఆయన డిపోలో ఒకాయన చెప్పాడు. "ఆయన మూర్ఛ స్పెషలిస్ట్, మన సీమ మనిషే" అన్నాడు. పొద్దున ఏడుకే వెళ్లి పేరు రాయించుకున్నాం. హాలు నిండా జనం. తాడిపత్రి, గుత్తి, కళ్యాణదుర్గం, ఉరవకొండ, ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. ఒక్కొక్కరు లోపలికి పోతే అరగంటకు గానీ బయటికి రావడం లేదు. బయట కూర్చున్నవాళ్లు విసుక్కుంటున్నారు. మా వంతు మధ్యాహ్నం దాటాక వచ్చింది.

ఆయన స్కాన్‌లు చూడలేదు, ముందు పక్కన పెట్టేశారు. వాణ్ని దగ్గర కూర్చోబెట్టుకుని "ఏమప్పా, ఏం ఆడతావు?" అని మొదలుపెట్టారు. కాసేపయ్యాక నా నోట్‌బుక్ తీసుకుని మొదటి పేజీ నుంచి చదివారు. పెన్నుతో వారాల మీద టిక్కులు పెట్టుకుంటూ పోయారు. ఆదివారం, ఆదివారం, ఆదివారం, ఉగాది, ఆదివారం, దీపావళి. ఒకచోట ఆగారు.

"టీచరమ్మా, ఈ బుధవారం ఏమైంది?"

గుర్తు తెచ్చుకున్నాను. "మా పెదనాయన పోయాడు సార్. సావుకు పోయొచ్చినాం."

"పోయొచ్చి ఏం చేసినారు?"

"తలకు పోసుకున్నాం సార్."

పెన్ను కింద పెట్టారు. అప్పుడు మొదలైన ప్రశ్నలు నేను ఏ ఆసుపత్రిలోనూ వినలేదు. నీళ్లు ఎట్ల కాస్తారు? చేయి పెడితే ఓర్చుకోగలమా? బకెట్లోంచి చెంబుతోనా, షవరా? చెంబు పెద్దదా చిన్నదా? ఒక చెంబుకూ ఇంకో చెంబుకూ మధ్య ఆగుతారా? ముందు ఒంటి మీద పోస్తారా, నేరుగా తల మీదనా? ఒట్టి ఒళ్లు కడుక్కున్న రోజు ఎప్పుడైనా వచ్చిందా? రాలేదు. చన్నీళ్లతో తల తడిపితే? వేసవిలో బావిలో ఈత కొడతాడు, అప్పుడెప్పుడూ రాలేదు. నీళ్లు ఆపాక వస్తుందా, పోస్తుండగానేనా? పోస్తుండగానే. ఆ తర్వాత వాడి వైపు తిరిగి మెల్లగా అడిగారు: "నీళ్లు పడుతుంటే ఎట్లుంటుందప్పా?"

వాడు నా మొహం చూశాడు. "భలే హాయిగా ఉంటుంది సార్. ఇంకా ఇంకా పోసుకోవాలనిపిస్తుంది. కడుపులో ఏదో పైకొస్తుంది. ఆ తర్వాత తెలీదు."

రెండేళ్లుగా వాడి కడుపులో ఉన్న మాట అది. ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

డాక్టర్ గారు కాగితం మీద తల బొమ్మ గీసి, చెవి పైభాగంలో లోపల ఉండే టెంపోరల్ లోబ్‌ను చూపించారు. కొందరి మెదడుకు తల మీద వేడినీళ్లు గబగబా పడడమే ఫిట్స్‌కు ట్రిగ్గర్ అవుతుందట. 40 నుంచి 50 డిగ్రీల వేడి నీళ్లు, చెంబు మీద చెంబు. వీళ్లకు ఆ సమయంలో ఒంటి వేడి మిగతావాళ్లకంటే వేగంగా పెరుగుతుందని, తిరిగి దిగడానికి ఎక్కువసేపు పడుతుందని పరిశోధనల్లో చూశారట. పెదాలు చప్పరించడం, అర్థంలేని మాటలు, బట్ట పీకడం, ఇంకా పోసుకోవాలన్న ఆ హాయి, అన్నీ ఫిట్స్‌లో భాగమే. కొందరు పిల్లలు ఆ హాయి కోసం కావాలనే పోసుకుంటూ ఉంటారని కూడా చెప్పారు. "మీరు పోసిన నీళ్లు దక్షిణాదిలో అందరూ పోసేవే అమ్మా. మీ తప్పు ఇసుమంత కూడా లేదు" అన్నారు. ఆ మాట మా అత్త ముందు కూడా ఇంకోసారి అనిపించుకున్నాను.

ఈఈజీ మామూలుగా ఎందుకొచ్చిందని అడిగాను. ఈ జబ్బులో చాలామందికి ఫిట్స్ లేని సమయంలో అది మామూలుగానే ఉంటుందన్నారు. "మిషన్ అరగంట చూస్తుంది, అమ్మ రోజంతా చూస్తుంది" అన్నారు. జర్మనీలో హాన్స్ బెర్గర్ 1924లో మొదటిసారి మనిషి మెదడు విద్యుత్తును రికార్డు చేసినప్పటి నుంచీ ఈఈజీ మూర్ఛ వైద్యంలో పెద్ద ఆయుధమే. అయినా ఏం జరిగిందో చూసినవాళ్లు చెప్పే మాటకు అది బదులు కాదని ఆయన పదేపదే అన్నారు. స్కాన్‌లను ఆయన చివర్లో చూశారు, వదిలేయలేదు.

ఆ తర్వాత ఏళ్లలో ఆయనతో పరిచయం పెరిగాక ఒకసారి అడిగాను, ఇదే దారి ఎందుకు ఎంచుకున్నారని. కర్నూలు మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్, హౌస్‌సర్జన్సీతో కలిపి అయిదున్నరేళ్లు. ఆ మీద జనరల్ మెడిసిన్‌లో ఎండీ మూడేళ్లు. న్యూరాలజీలో డీఎం ఇంకో మూడేళ్లు. ఆ పైన మూర్ఛ ఒక్కదాని మీదే శిక్షణ. ఇంటర్ పాసైనప్పటి నుంచి లెక్కేస్తే పన్నెండేళ్లు పైమాటే. హౌస్‌సర్జన్‌గా ఉన్నప్పుడు నంద్యాల వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి పొయ్యిలో పడి చేయి కాల్చుకుందట. అందరూ కాలిన గాయానికే కట్టు కట్టారు. ఎందుకు పడిందని ఎవరూ అడగలేదు. ఆ అమ్మాయికి మూర్ఛ అని ఆమె అవ్వ ఆయనకు చెప్పింది, అదీ అమ్మాయి డిశ్చార్జి అయ్యే రోజు. ఆ రోజే అనుకున్నానమ్మా అన్నారు, ఇంకేమీ చెప్పలేదు.

ఆయన తన గురించి చెప్పింది అంతే. తన ముందువాళ్ల గురించి మాత్రం ఎంతసేపైనా చెప్పేవారు. కొన్ని వ్యాసాల జిరాక్సులు ఇచ్చారు. రాత్రుళ్లు డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. ఇలాంటి మూర్ఛను వైద్య పత్రికల్లో మొదట రాసింది న్యూజిలాండ్‌లో, 1945లో. మన దగ్గర బెంగళూరు న్యూరాలజిస్ట్ డాక్టర్ కె.ఎస్. మణి తన సహచరులతో కలిసి 1968లో 'న్యూరాలజీ ఇండియా' పత్రికలో దీన్ని వర్ణించారు. తర్వాత బెంగళూరులోని మెదడు, నరాల, మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో న్యూరాలజీ ప్రొఫెసర్‌గా, ఆ సంస్థకు డైరెక్టర్‌గా కూడా పనిచేసిన డాక్టర్ పి. సతీశ్చంద్ర, ఆయన బృందం 279 మంది రోగుల వివరాలు కూర్చి 1988లో 'ఎపిలెప్సియా' పత్రికలో ప్రచురించారు. ఆడవాళ్లకంటే మగవాళ్లలో ఎక్కువని, కొన్ని కుటుంబాల్లో ఒకరికంటే ఎక్కువమందికి ఉందని ఇలాంటి పరిశోధనల వల్లే తెలిసింది. 2009లో బెంగళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్ శాస్త్రవేత్తలు నిమ్హాన్స్ వాళ్లతో కలిసి అలాంటి కుటుంబాలను పరిశీలించి, 10వ క్రోమోజోము మీద ఒకచోట, 4వ క్రోమోజోము మీద ఇంకోచోట దీనికి సంబంధం ఉందని గుర్తించారు. జీవశాస్త్రం చెప్పేదాన్ని, ఆ పేజీలు ఎన్నిసార్లు తిరగేశానో.

కానీ నన్ను కదిలించింది ఆ 279 అన్న అంకె. రెండేళ్లు మా వాడొక్కడికే ఇలా అనుకున్నాం. 279 ఇళ్లలో ఎవరో ఒకరు చెంబు పట్టుకుని నిలబడి చూశారు, ఒక డాక్టర్ వాళ్లందరినీ కూర్చోబెట్టి మీరు తలకు ఎట్ల పోసుకుంటారు అని అడిగారు. ఒక మనిషి తన వృత్తి జీవితంలో ఎన్నో ఏళ్లు దీనికి ఇచ్చాడంటే నాకు చేతులెత్తి మొక్కాలనిపించింది. పరాయి దేశపు పాఠ్యపుస్తకంలో ఉన్నంతే చదువుకుని ఊరుకుని ఉంటే, మన ఇళ్లలో కాగునీళ్ల గురించి అడగాలని ఎవరికి తోస్తుంది? అదే మణి గారి బృందం కర్ణాటకలోని యళందూరు పల్లెల్లో ఫినోబార్బిటాల్, ఫెనిటాయిన్ లాంటి చవక మందులతోనే చాలామందికి మూర్ఛను అదుపు చేయవచ్చని చూపించి 2001లో 'లాన్సెట్'లో ప్రచురించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో మూర్ఛ ఉన్నవాళ్లు దాదాపు 5 కోట్లమంది. సరైన నిర్ధారణ, సరైన మందు దొరికితే వాళ్లలో 70 శాతం మంది వరకు ఫిట్స్ లేకుండా బతకగలరని అదే సంస్థ అంటుంది. మా ఇంట్లో తేడా తెచ్చింది మొదటిది, సరైన నిర్ధారణ.

ఖాయం చేసుకోవడానికి బెంగళూరులో వీడియో ఈఈజీ ఒకటి తీయించారు. నిద్రపోతున్నప్పుడు, మెలకువగా ఉన్నప్పుడు చూశారు. కావాలని వేడినీళ్లు పోసి ఫిట్స్ తెప్పించే పరీక్ష అవసరం లేదని, నోట్‌బుక్ చాలని డాక్టర్ గారు చెప్పారు. ఆ మాటకు నేను ఎంత ఊపిరి పీల్చుకున్నానో చెప్పలేను.

ఇక ఇంట్లో మార్చినవి. బడి ల్యాబ్‌లో ఉండే థర్మామీటర్ లాంటిదే ఒకటి కొనుక్కొచ్చి, మేం మామూలుగా చన్నీళ్లు కలిపి తొరిపే నీళ్లలో పెట్టి చూశాను. 46 డిగ్రీలు చూపించింది. డాక్టర్ గారు ఒంటి వేడికి మించకుండా, అంటే 37 దగ్గర ఉంచమన్నారు. గోరువెచ్చని అంటే ఇంట్లో ఒక్కొక్కరి లెక్క ఒక్కో రకం కాబట్టి థర్మామీటరే నయం. ముందు కాళ్లు, తర్వాత ఒళ్లు, చివర్లో తల. తల మీద చిన్న మగ్గుతో, ఆగి ఆగి. తడిగుడ్డతో తుడిచేసుకున్నా సరిపోయే రోజుల్లో తలకు పోయొద్దు. బాత్రూమ్ గడియ పెట్టొద్దు. మా ఆయన ఆ గడియే ఊడబీకేసి బయట ఒక బోర్డు వేలాడదీశాడు. బావి ఈత బంద్, అది మాత్రం వాడికి చాలా కష్టమైంది. ఒకరోజంతా నాతో మాట్లాడలేదు.

రోజూ వేసే పాత మాత్రలను మెల్లమెల్లగా, వారాలు తీసుకుని తగ్గించారు. ఫిట్స్ మందు ఏదైనా మనంతట మనం ఒక్కసారిగా ఆపితే ప్రమాదం, డాక్టర్ చెప్పిన లెక్కలోనే తగ్గాలి. వాటి బదులు తలకు పోసుకునే రోజు మాత్రం గంట, గంటన్నర ముందు క్లోబజామ్ మాత్ర. ఈ పద్ధతిని కూడా సతీశ్చంద్ర గారి బృందమే రోగుల్లో పరీక్షించి చూసింది. మోతాదు పిల్లాడి బరువును బట్టి డాక్టర్ చెప్పాలి, అందుకే ఇక్కడ రాయడం లేదు. మాత్ర వేశాక ఆ పూట కొంచెం మగతగా ఉంటాడు. ఆదివారం కాబట్టి ఇబ్బంది లేదు.

పాత మందు తగ్గిన నెలల్లో మా పిల్లాడు మాకు తిరిగొచ్చాడు. క్లాసులో చేయెత్తడం మొదలుపెట్టాడు. తమ్ముడితో కొట్లాడడం మొదలుపెట్టాడు. మా అత్త సంగతి కూడా చెప్పాలి. ఆమెకు కాగు నీళ్లు మానడం అస్సలు ఇష్టం లేదు. జలుబు చేస్తుందని గొడవ. కానీ ఒక ఆదివారం, రెండు ఆదివారాలు, ఒక దీపావళి, ఒక ఉగాది ఏ ఫిట్స్ లేకుండా గడిచేసరికి తనంతట తనే అడగడం మొదలుపెట్టింది: "ఏమే, వానికి మాత్ర ఏసినావా? టైమైతాంది." థర్మామీటర్ చదవడం కూడా నేర్చుకుంది. ఎర్రగీత ఎక్కడికి రావాలో దాని మీద ఆమె కోసం నెయిల్‌పాలిష్‌తో చుక్క పెట్టాను.

తొమ్మిదో తరగతిలో మళ్లీ టెన్షన్. జ్వరం, దానికి తోడు పరీక్షలకని రాత్రిళ్లు మెలకువ. ఒకరోజు తెల్లవారుజామున మంచం మీదే ఫిట్స్ వచ్చింది, నీళ్లతో సంబంధం లేకుండా. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. అయినా ముందే చెప్పి ఉంచారు కాబట్టి పక్కకు తిప్పి పడుకోబెట్టాను, మా ఆయన ఫోన్‌లో వీడియో తీశాడు. డాక్టర్ గారు ఆ వీడియో చూసి, కొందరికి ఏళ్లు గడిచాక నీళ్లు లేకుండా కూడా రావడం ఉంటుందని, ఇప్పుడు రోజూ మందు కావాలని చెప్పి కార్బమజపీన్ మొదలుపెట్టారు. మొదటి వారాల్లో ఒంటి మీద దద్దుర్లు గానీ నోట్లో పుండ్లు గానీ వస్తే ఒక్క పూట కూడా ఆలస్యం చేయకుండా ఫోన్ చేసి రమ్మన్నారు. ఈ మందుకు అరుదుగా అలాంటి తీవ్రమైన రియాక్షన్ ఉంటుందట. రోజూ సాయంత్రం ట్యూబ్‌లైటు కింద నిలబెట్టి వీపు చూసేదాన్ని. ఏమీ రాలేదు. ఆ తెల్లవారుజాము తర్వాత ఇప్పటిదాకా ఫిట్స్ లేవు. నిద్ర మాత్రం ఇప్పుడు మా ఇంట్లో ఒక మందులాగే, పది దాటితే లైట్లు ఆపాల్సిందే.

బంధువుల్లో ఒకామె "ఎవరికీ చెప్పొద్దండి, రేపు పెళ్లికి ఇబ్బంది" అని సలహా ఇచ్చింది. ఆమెకు చెప్పిందే ఇక్కడా చెబుతాను. ఒకప్పుడు హిందూ వివాహ చట్టంలో మూర్ఛ ఉన్నవాళ్ల పెళ్లికి అడ్డు ఉండేది. 1999లో ఆ చట్టాన్ని సవరించి మూర్ఛ అన్న మాటను తీసేశారు. చట్టమే వదిలేసిన దాన్ని మనం పట్టుకుని వేలాడక్కర్లేదు. పైగా దాచిపెడితే మాత్ర దొంగచాటుగా వేసుకోవాలి, దొంగచాటుగా వేసుకునే మాత్ర ఏదో ఒక రోజు తప్పిపోతుంది. డ్రైవింగ్ లైసెన్సు విషయం వేరు, ఆ దరఖాస్తులో మూర్ఛ ఉందా అని సూటిగా అడుగుతారు, నిజమే రాయాలి. బండి కావాలని వాడు అడిగాడు. డాక్టర్ గారు సరే అనేదాకా లేదని వాళ్ల నాయన చెప్పాడు. సైకిలే నడుస్తోంది, అదీ లోపలి రోడ్లలో.

మా బడిలో ఏటా పిల్లలకు ఫిట్స్ ఫస్ట్ ఎయిడ్ చెబుతున్నాను. మా వాణ్నే నేల మీద పడుకోబెట్టి ఎలా తిప్పాలో చూపిస్తాను, వాడికి సిగ్గు లేదు. గుత్తి దగ్గర నుంచి ఒకామె ఈ మధ్య ఫోన్ చేసింది, వాళ్ల పాపకు తలస్నానం చేసేటప్పుడే వస్తోందని. ముందు ఒక నోట్‌బుక్ కొనమన్నాను. వారం, టైము, నీళ్లు ఎంత వేడి, ఎలా పోశారు, పాప ముందు ఏం మాట్లాడింది, ఇవన్నీ రాసి, వీలైతే ఇంకొకరి చేత వీడియో తీయించి డాక్టర్ దగ్గరికి పట్టుకుపొమ్మన్నాను. వాళ్ల డాక్టర్ అడగకపోతే మీరే చెప్పండి అన్నాను.

మా వాడిప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. పరీక్షలయ్యాక రివ్యూకు రమ్మన్నారు, వచ్చేటప్పుడు కొత్తగా ఈఈజీ తీయించుకుని రమ్మన్నారు. కార్బమజపీన్ తగ్గించడం మొదలుపెట్టాలా, ఇంకొంత కాలం ఆగాలా అన్నది ఆ రోజు చూసి చెబుతామన్నారు.